నొప్పి లేదంటే పళ్లు బాగున్నట్టు కాదు

"నొప్పేం లేదు కదా, ఇప్పుడెందుకు డాక్టరు దగ్గరికి?" పళ్ల సంగతి ఎత్తితే ఎవరింట్లోనైనా వినిపించే మాట ఇది. నేనూ చాలా ఏళ్లు ఇదే అన్నాను. 42వ ఏట చిగుళ్ల డాక్టరు ఎక్స్‌రే ముందుపెట్టి, వెనక దవడ పళ్ల చుట్టూ ఎముక ఎంత తరిగిపోయిందో చూపించిన రోజున కూడా నాకు నొప్పి లేదు, ఒక్క పన్నూ ఊగడం లేదు. తోముకునేటప్పుడు అప్పుడప్పుడు రక్తం కనిపించేది, అంతే. బ్రష్ తగిలితే పుండు ఎక్కువవుతుందేమోనని రక్తం వచ్చినచోట మెల్లగా తోమేవాణ్ని, పోనుపోను అక్కడ తోమడమే మానేశాను. ఆ రక్తం వస్తున్నదే అక్కడ పాచి పేరుకుపోయినందుకని, మెత్తటి బ్రష్‌తో అక్కడే ఇంకాస్త శ్రద్ధగా తోమాలని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

పళ్ల విషయంలో నొప్పిని కొలబద్దగా పెట్టుకోవడమే మనం చేస్తున్న అసలు పొరపాటని నా గట్టి అభిప్రాయం. పైనున్న ఎనామెల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం, కానీ దానిలో నరాలు లేవు, ప్రాణమున్న కణాలు లేవు. అందుకే పుచ్చు మొదలైనప్పుడు మనకు తెలియదు, గుంట పడ్డాక అది దానంతటది పూడుకోదు. జివ్వుమనడం మొదలైందంటే పుచ్చు అప్పటికే లోపలి పొర దాకా వెళ్లి ఉంటుంది. రాత్రంతా నిద్ర పట్టనివ్వని పోటు వచ్చిందంటే చాలాసార్లు చిన్న ఫిల్లింగ్‌తో పోయే దశ దాటిపోయి, రూట్ కెనాలో, పన్ను పీకించుకోవడమో మిగులుతుంది.

పుచ్చు ఎలా వస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. పాచిలో ఉండే బ్యాక్టీరియా మనం తిన్న చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత పీహెచ్, అది నోట్లో సుమారు 5.5 కంటే కిందికి దిగితే ఎనామెల్ లోంచి ఖనిజాలు కరగడం మొదలవుతుంది, తర్వాత లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గించి ఖనిజాలను తిరిగి అతికిస్తుంది, టూత్‌పేస్టులో ఉండే ఫ్లోరైడ్ ఆ పనికి సాయపడుతుంది. దీనికి కొంత టైమ్ కావాలి. అందుకే ఎంత తీపి తిన్నామన్నదాని కంటే రోజుకు ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. తీపి పానీయం ఒక్కసారి తాగేసి ఊరుకోవడం వేరు, పక్కన పెట్టుకుని మూడు గంటలపాటు గుక్కగుక్కగా తాగడం వేరు.

ఇక పిల్లల సంగతి. "ఎలాగూ ఊడిపోయే పళ్లే కదా" అనే మాట నన్ను నిజంగా బాధపెడుతుంది. పాలపళ్లు 20. సుమారు 6 నెలలకు మొదలై రెండున్నర, మూడేళ్లకల్లా అన్నీ వస్తాయి, వెనకవి 10, 12 ఏళ్లదాకా నోట్లోనే ఉంటాయి. అన్నేళ్లు ఆ పళ్లతోనే నమలాలి, మాటలు నేర్చుకోవాలి. పైగా కింద తయారవుతున్న శాశ్వత పళ్లకు చోటు కాపలా కాసేది కూడా అవే, వెనక పాలపన్ను ముందే పోతే పక్కవి ఆ ఖాళీలోకి జరిగి తర్వాతి పన్ను వంకరగా రావచ్చు. మొదటి పన్ను కనబడ్డ రోజు నుంచే తోమాలి. మూడేళ్లలోపు వాళ్లకు బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు బఠానీ గింజంత చాలు. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చడం మాత్రం మానేయండి, నిద్రలో లాలాజలం తగ్గిపోయి ఆ పాలు పళ్లమీదే నిలిచిపోతాయి.

తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది. ఆరేళ్ల ప్రాంతంలో చిట్టచివరి పాలపన్ను వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, ఒక శాశ్వత దవడ పన్ను చడీచప్పుడు లేకుండా వస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను, పైన లోతైన గాడులుంటాయి, చిన్నపిల్లల చెయ్యి అంత వెనక్కి సరిగ్గా పోదు. అందుకే ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లే తోమాలి, ఆ గాడులు మూసే సీలెంట్ గురించి డాక్టర్ని అడగాలి.

ఆటల్లో శాశ్వత పన్ను మొత్తంగా ఊడి చేతికొస్తే, వేరును ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే ఒక్కసారి కడిగి, వీలైతే మళ్లీ దాని గుంటలోనే పెట్టండి, లేదా పాలల్లో వేసి వెంటనే పరుగెత్తండి. ప్రతి నిమిషమూ లెక్కే. పాలపన్నైతే మాత్రం తిరిగి పెట్టకూడదు.

గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల చిగుళ్లు వాచి తొందరగా రక్తం వస్తుంది. "కడుపుతో ఉన్నప్పుడు పళ్లు చూపించుకోకూడదు" అనేది ఉత్త భయం, చూపించుకోవచ్చు, చూపించుకోవాలి. వాంతి అయిన వెంటనే బ్రష్ పట్టుకోకుండా ముందు నీళ్లతో పుక్కిలించి ఒక అరగంట ఆగితే ఆమ్లంతో మెత్తబడిన ఎనామెల్ అరగదు.

ముప్పై దాటాక నాలాంటివాళ్ల కథ మొదలవుతుంది. పాచి గట్టిపడి గారగా మారితే బ్రష్‌కు లొంగదు, క్లీనింగ్ చేయించుకోవాల్సిందే. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని వెనకాడేవాళ్లు నాకు చాలామంది తెలుసు. నిజానికి పళ్ల మధ్య ఇరుక్కున్న గార పోయేసరికి, అప్పటికే చిగురు తగ్గిన చోట సందు బయటపడుతుంది, ఆ సందు చూసి క్లీనింగ్‌ను తప్పుపడతాం. చిగుళ్ల జబ్బు ఇంకా వాపు దశలోనే ఉంటే పూర్తిగా నయమవుతుంది, ఎముక దాకా వెళ్తే పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే. షుగరు ఉన్నవాళ్లకు ఈ జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ, చిగుళ్లు పాడైతే షుగరు అదుపులోకి రావడం కూడా కష్టమవుతుంది. సిగరెట్ తాగేవాళ్లకైతే చిగురు నుంచి రక్తం కూడా తక్కువ వస్తుంది, అంటే ఉన్న ఆ ఒక్క హెచ్చరికా ఉండదు. రోజూ రెండుసార్లు, రెండేసి నిమిషాలు, రాత్రి పడుకునే ముందు తప్పకుండా తోముకోవాలి, పళ్ల సందుల్లో ఫ్లాస్ అనే సన్నదారం గానీ సన్న బ్రష్ గానీ తిప్పాలి. నేనిప్పుడు చేస్తున్నది ఇంతే, రక్తం రావడం ఆగిపోయింది.

పెద్దవాళ్ల పళ్ల గురించి మనం అసలు మాట్లాడుకోం. మా నాన్నగారు బీపీకి, ఎలర్జీకి మందులు వేసుకుంటారు. అలాంటి మందుల్లో చాలావాటికి నోరు ఎండిపోతుంది. నోరు తడవడానికి ఆయన రోజంతా తీపి బిళ్లలు చప్పరించేవారు. లాలాజలం తక్కువ, చక్కెర ఎక్కువ, చిగురు జారి బయటపడ్డ వేరు మీద ఎనామెల్ ఉండదు. ఏడాదిన్నరలో మూడు పళ్లు వేరు దగ్గరే పుచ్చిపోయాయి, మేం దాన్ని వయసు ఖాతాలో వేసేశాం. వయసొస్తే పళ్లు ఊడాలన్న నియమం లేదు. నోరెండుతోందని డాక్టరుకు చెబితే మందు మార్చగలరేమో చూస్తారు, ఫ్లోరైడ్ ఎక్కువున్న పేస్టు రాసిస్తారు. కట్టుడు పళ్లున్నవాళ్లు రాత్రి తీసి శుభ్రం చేసి పెట్టుకోవాలి, లోపలి చిగుళ్లను కూడా తుడుచుకోవాలి. ఎముకలు గట్టిపడే మందులు వాడుతుంటే పన్ను పీకించుకునే ముందే ఆ సంగతి చెప్పాలి.

ఇవన్నీ తెలిశాక కూడా నాన్నగారి వేళ్లు బ్రష్‌ను గట్టిగా పట్టుకోలేకపోతున్నాయని గమనించడానికి నాకు చాలాకాలం పట్టింది. ఇప్పుడు రాత్రిపూట నేనే తోముతున్నాను. కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నిలబడి, తల నా ఛాతీకి ఆనించుకుని, మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు తోమినట్టే. మొదటి వారం బాగా మొహమాటపడ్డారు. నిన్న మాత్రం కుడివైపు పైన ఇంకా మిగిలిందని ఆయనే వేలు పెట్టి చూపించారు.