వీడు ఇందాక చచ్చిపోయాడుగా!

భార్య: ఏమండీ, వీడు ఇందాక చచ్చిపోయాడుగా? మళ్ళీ వచ్చి తాపీగా టై కట్టుకుంటున్నాడేంటి?

భర్త: అది ఫ్లాష్‌బ్యాక్.

భార్య: ఫ్లాష్‌బ్యాక్ అయితే చెప్పొద్దూ? పాత సినిమాల్లో హీరో కిటికీలోంచి శూన్యంలోకి చూసేవాడు, తెర మీద రింగులు తిరిగేవి, "సరిగ్గా ఇరవై ఏళ్ళ క్రితం..." అని గొంతు వినిపించేది. కునికిపాట్లు పడేవాడికి కూడా అర్థమయ్యేది.

భర్త: కునికిపాట్లు అందుకే వచ్చేవి! "అన్నయ్యా, నాన్న పోయి పదేళ్ళయింది, అప్పట్నుంచి నువ్వే కదా నన్ను చదివించావు" అని చెల్లెలు వెళ్ళి ఆ అన్నయ్యకే చెప్పేది. ఫీజు కట్టింది తనేనని వాడికి తెలీదా?

భార్య: వాడికి తెలుసు, నాకు తెలీదుగా. నాకోసమే చెప్పింది పాపం.

భర్త: చూపిస్తే చాలే, చెప్పక్కర్లేదు. ఇందాక వాడి వాచీ అద్దం పగిలి ఉంది, ఇప్పుడు బాగానే ఉంది. అంటే ఇది ముందు జరిగిన కథ. నువ్వు చూడలేదు.

భార్య: నేను సినిమా చూడాలా, వాచీలు రిపేరు చెయ్యాలా?

భర్త: మాటలే లేని మూకీలని జనం చూడలేదా?

భార్య: చూశారు. జపాన్‌లో అయితే తెర పక్కన ఒక మనిషిని నిలబెట్టి మరీ కథ చెప్పించుకున్నారు. బెన్షీ అంటారట. తెర మీద ఎవరున్నా, ఫలానా బెన్షీ చెప్తున్నాడంటే ఆయన కోసం వెళ్ళేవాళ్ళు కూడా ఉండేవాళ్ళట.

భర్త: అదంతా పాత కథ. 1982లో 'బ్లేడ్ రన్నర్' అనే హాలీవుడ్ సినిమా జనానికి అర్థం కాదేమోనని హీరో గొంతుతో వ్యాఖ్యానం పెట్టారు. 1992లో డైరెక్టర్స్ కట్ అని, అంటే దర్శకుడు కోరుకున్నట్టుగా, అది తీసేసి వదిలితే, ఇదే బాగుందని ఎంతమంది మెచ్చుకున్నారో తెలుసా?

భార్య: పదేళ్ళు కథ చెప్పించుకున్నాక తీసేస్తే అర్థం కాకేం!

(ఆయన సౌండ్ పెంచారు. జవాబు లేనప్పుడు ఆయన చేసే పని అదే.)

భార్య: అయిపోయిందా? ఇంతకీ చివర్లో ఆ తలుపు తీసిందెవరు?

భర్త: అది... ప్రేక్షకుడి ఊహకి వదిలేశాడు.

భార్య: మరి మీ ఊహేంటో?

భర్త: ఒక్క నిమిషం. (అటు తిరిగి ఫోన్ తీశారు.)

ఫోన్: హాయ్ ఫ్రెండ్స్! క్లైమాక్స్ అర్థం కానివాళ్ళ కోసం ఈ వీడియో...

భార్య: ఎంతసేపండీ అది?

భర్త: నలభై నిమిషాలు.

భార్య: కాస్త ఇటు తిప్పండి, మీ బెన్షీ గారు ఏం చెప్తాడో నేనూ వింటాను.