ఏ టెస్ట్ ముందు నడవాలి?

మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో, నల్లగొండలో 2023లో ఐటీ టవర్లు తెరుచుకున్నాయి. జిల్లాల్లో పనిచేసే చిన్న టీముకు పెద్ద కంపెనీల్లా వందల సర్వర్లు ఉండవు. కోడ్‌లో ఏ కాస్త మార్చినా, అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే పాత టెస్టులన్నీ మళ్లీ నడపాలి. ఉన్న ఒక్క సర్వర్ మీద అవి ముప్పావుగంట తీసుకుంటే, అందరి నోటా వచ్చే మొదటి మాట 'ఇంకో సర్వర్ తీసుకుందాం'. అంతకంటే ముందు టెస్టుల వరుస చూసుకోవాలని నేనంటాను. ఆ పనికి డబ్బు ఖర్చుండదు.

మిర్యాలగూడ వైపు ధాన్యం కొనుగోలుకు ఒక సాఫ్ట్‌వేర్ రాస్తున్నారనుకుందాం. లారీ కాటా ఎక్కుతుంది, ఖాళీ లారీ బరువు తీసేస్తారు, తేమ చూస్తారు, తరుగు పోను రైతుకు ఎంత రావాలో లెక్క కడతారు. మద్దతు ధరకు తేమ 17 శాతం దాటకూడదు. డెవలపర్ ఆ షరతులో ఒక్క గుర్తు తప్పు కొట్టాడు. దాంతో సరిగ్గా 17 శాతం ఉన్న ధాన్యాన్ని కూడా సాఫ్ట్‌వేర్ వెనక్కి పంపేస్తుంది. రైతుకు ఇది చిన్న తప్పు కాదు. దాన్ని పట్టుకునే టెస్టుకు సెకను కూడా పట్టదు, కానీ ఫైళ్ల పేర్ల వరుసలో అది చిట్టచివర ఉంది. దాని ముందు లాగిన్ స్క్రీన్లు, పీడీఎఫ్ రిపోర్టులు, ఎస్సెమ్మెస్‌లు అన్నీ నడవాలి. ముప్పావుగంటకు ఫెయిల్ అని వచ్చేసరికి అతను ఇంకో పనిలో మునిగి ఉంటాడు. పొద్దున ఏం మార్చాడో మళ్లీ మొదటి నుంచి తవ్వుకోవాలి.

వరుస ఎంత మంచిదో, అంటే బగ్గులు (కోడ్‌లోని తప్పులు) ఎంత త్వరగా బయటపడతాయో కొలవడానికి ఏపీఎఫ్‌డీ అనే లెక్క ఉంది. పరిశోధకుడు గ్రెగ్ రోథర్మెల్ బృందం 2001 నాటి పరిశోధన పత్రంలో దాన్నే వాడింది. పది టెస్టులు, రెండు బగ్గులు ఉన్నాయనుకోండి. అవి తొమ్మిదో టెస్టులో ఒకటి, పదో టెస్టులో ఒకటి బయటపడితే స్కోరు 10 శాతం. మొదటి రెండు టెస్టుల్లోనే దొరికితే 90 శాతం. టెస్టులు అవే, సర్వరూ అదే.

మరి దేన్ని ముందు పెట్టాలి? ఫెయిలయ్యే అవకాశాన్ని ఆ టెస్టుకు పట్టే సమయంతో భాగించి, ఎక్కువ వచ్చినదాన్ని. అవకాశం అంచనా వేయడానికి పెద్ద మెషిన్ లెర్నింగ్ అక్కర్లేదు. నిన్న ఫెయిలైందా, ఇవాళ మార్చిన ఫైలును తాకుతుందా అని చూస్తే చాలావరకు సరిపోతుంది. పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్ అనే టూల్‌లో కిందటిసారి ఫెయిలైనవాటిని ముందు నడిపే ఆప్షన్ ఎప్పటినుంచో ఉంది.

అన్నీ పాసయ్యే రోజున మాత్రం వరుస వల్ల ఒక్క నిమిషమూ మిగలదు. అలాగని కొన్ని టెస్టులు వదిలేయడం వేరే నిర్ణయం, దానిలో రిస్కు ఉంది. ఈ రెండింటినీ కలపకూడదు.

అసలు చిక్కు ఒకదాని మీద ఒకటి ఆధారపడే టెస్టులతో. ఒకటి డేటాబేస్‌లో రైతు పేరు ఎక్కిస్తుంది, ఇంకోటి ఆ పేరు ఉందన్న నమ్మకంతో నడుస్తుంది. వరుస మారగానే రెండోది కూలిపోతుంది. జావా భాష 7వ వెర్షన్ వచ్చాక టెస్టు మెథడ్ల (ఒక్కో టెస్టు రాసిన కోడ్ ముక్కల) క్రమం స్థిరంగా ఉండక చాలామందికి ఇదే అనుభవమైంది; జావా టెస్టులు నడిపే జేయూనిట్ అనే టూల్ తన 4.11 వెర్షన్‌లో క్రమాన్ని స్థిరపరచాల్సి వచ్చింది. అందుకే వరుస మార్చే ముందు, పని తక్కువున్న రాత్రి టెస్టులను నాలుగైదుసార్లు కలగాపులగంగా నడిపి చూడాలి. కూలినవాటిలో ప్రతి టెస్టూ తన డేటా తానే పెట్టుకుని, తానే తుడిచేసేలా సరిచేయాలి. పాలమూరు, మహాత్మా గాంధీ యూనివర్సిటీల ల్యాబుల్లో విద్యార్థులతో ఈ పని చేయిస్తే, ఉద్యోగంలో చేరిన మొదటి వారం నుంచే అక్కరకొస్తుంది.