ఒట్టిచేపలకు ఇల్లు కిరాయికి ఇవ్వబడదు

హనుమకొండలో ఇల్లు కిరాయికి కావాలంటే అడ్వాన్సు, ఆధార్ జిరాక్సు ఇస్తే సరిపోదు, నాలుక నడవడిక మీద కూడా హామీ ఇవ్వాలి. మా ఓనర్ సార్ తాళంచెవి చేతిలో పెడుతూ, "తమ్మీ, చికెన్ వండుకో, మటన్ వండుకో, నాకేం లేదు గని ఒట్టిచేపలు మాత్రం నా ఇంట్ల ఏంచద్దు" అన్నారు. సరే అన్నాను. ఇల్లు దొరకడం ముఖ్యం కదా.

పోయిన నెల అదే సార్ హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి పోయి, ఏదో జపాన్ హోటల్లో సూప్ తాగొచ్చారు. గిన్నె ఎనిమిది వందలట. నన్ను మెట్ల మీద ఆపి మరీ, "దాషితోని చేస్తరట. దాని రుచిని ఉమామి అంటరు తమ్మీ, మన దిక్కు దొరకది" అని జాలిపడ్డారు.

విషయం తీవ్రమైనది కాబట్టి ఆ రాత్రే విచారణ మొదలుపెట్టాను. 1908లో టోక్యోలో కికునాయె ఇకెడా అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్, కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన చారు ఎందుకింత కమ్మగా ఉందని పట్టుబట్టి, అందులోంచి గ్లుటమేట్ అనే పదార్థాన్ని పట్టుకుని, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. 1913లో ఆయన శిష్యుడు కొడామా ఇనోసినేట్ అనే ఇంకో పదార్థాన్ని పట్టుకున్నారు. ఎక్కడ? ఎండబెట్టిన బొనిటో చేపలో. దయచేసి ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఎండబెట్టిన చేప. నాచు, ఆ చేప కలిపి తీసిన నీళ్ళే దాషి, అంటే సార్ ఎనిమిది వందలు పెట్టి తాగింది ఏసీ గదిలో ఒట్టిచేపల చారు.

మాంసకృత్తులకు వాటంతట అవి ఈ రుచి ఇవ్వడం రాదు. ఎండితేనో, పులిస్తేనో, పొయ్యి మీద గంటలు ఉడికితేనో అవి విరిగి గ్లుటమేట్ విడిపడుతుంది, నాలుకకు తెలిసేది అప్పుడే. టమాటాలో అయితే పండేకొద్దీ పెరుగుతుంది. గ్లుటమేట్, ఇనోసినేట్ ఒక్కచోట పడితే జరిగేది కూడిక కాదు, గుణకారం. మా అమ్మమ్మ ఏ ల్యాబులోనూ పనిచేయలేదు గానీ, ఒట్టిచేపల తలలు తుంచి, నూనె లేని పెనం మీద చిటపటమనే దాకా ఏంచి, వేడినీళ్ళలో కడిగి, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, కారం మగ్గాక బాగా పండిన టమాటాలు పిసికి వేసేది. వేలెడంత చేప ముక్కతో పళ్ళెం అన్నం లోపలికి పోయేది.

చౌరస్తాలో నూడుల్స్ బండి మీద చల్లే టేస్టింగ్ సాల్ట్‌లో ఉన్నదీ ఆ గ్లుటమేటే, అజినోమోటో పేరుతో 1909 నుంచి అమ్ముతున్నారు. 1968లో ఒక డాక్టరు అమెరికా వైద్య పత్రికకు రాసిన ఉత్తరంతో దానికి విషమన్న పేరొచ్చింది. ఏది తింటున్నారో చెప్పకుండా తినిపించి చూసిన పరీక్షల్లో, వంటలో వాడే మోతాదుకు దానికి అంటగట్టిన రోగాలేవీ నిలకడగా తేలలేదు. పేరు మాత్రం పోలేదు. తల్లిపాలల్లో కూడా గ్లుటమేట్ దండిగా ఉంటుంది, అంటే మా సార్ కూడా పుట్టిన రోజు నుంచే ఈ నేరంలో ఉన్నారు. (ఉగాది పచ్చడిలో ఉమామికి చోటెక్కడ అని మాత్రం అడగకండి, షడ్రుచుల్లో లేదు, పంతులుగారితో గొడవ నావల్ల కాదు.)

మొన్న ఆదివారం సార్‌ను మర్యాదగా అడిగాను. "సార్, ఇయ్యాల దాషి పెట్టుకుంటున్న, ఏమనుకోరు కదా?"

"దాషి అయితే మంచిదే తమ్మీ, మాక్కూడ ఇంత పంపు" అన్నారు.

పంపలేదు, పిలిచాను. మా వంటింటి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రెండుసార్లు పెట్టించుకున్నారు, గిన్నె అడుగును వేలితో తుడిచి నాకి, "గిదీ ఉమామి అంటే" అన్నారు. తర్వాత ముక్కు ఎగబీల్చి కిటికీ వైపు చూసి మొహం చిట్లించారు.

"కాకపోతే ఈ గల్లీల ఎవరో ఒట్టిచేపలు ఏంచుతున్నరు తమ్మీ, నీకు వాసనొస్తలేదా?"