భయాన్ని నవ్వు అనుకునే చూపు

జూలో ధ్రువపు ఎలుగు నడుస్తుంటుంది. ఏడడుగులు ఇటు, తల ఒక్క విసురు, మళ్ళీ ఏడడుగులు అటు. ప్రతిసారీ కాలు పడేది అదే చోట, అక్కడ సిమెంటు నున్నగా అరిగిపోయింది. "ఎందుకలా తిరుగుతోంది నాన్నా?" అంటుంది పిల్ల. "ఆడుకుంటోందమ్మా" అంటాడు తండ్రి. ఆయన అబద్ధమాడటం లేదు. ఆయన కంటికి నిజంగానే అది ఆటలా కనిపించింది.

నా బాధంతా అక్కడే. జంతువుల్ని వినోదానికి నిలబెడితే అవి పడే హింస గురించి చాలామంది రాశారు, ఇంకా రాయాలి కూడా. చూసేవాళ్ళకి ఏమవుతోందన్నది మాత్రం పెద్దగా పట్టించుకోం. జంతువుని తప్పుగా అర్థం చేసుకోవడం మనకి అలవాటయ్యేది ఇలాంటి చోట్లే.

అడవిలో ఎక్కువ దూరాలు తిరిగే మాంసాహార జంతువులే బందీగా ఉన్నప్పుడు ఇలా అటూ ఇటూ ఎక్కువగా తిరుగుతాయని 2003లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు తేల్చారు. ధ్రువపు ఎలుగు సంచరించే కనీస విస్తీర్ణంతో పోలిస్తే, జూలో దానికి దొరికే జాగా సుమారు పది లక్షల్లో ఒక వంతు అని లెక్కగట్టారు. తండ్రి ఆట అనుకున్నది దీన్నే.

చింపాంజీ సంగతి ఇంకా ఘోరం. నిజంగా ఆడుకునేటప్పుడు దాని నోరు వదులుగా తెరుచుకుంటుంది, పై పళ్ళు పెదవి చాటునే ఉంటాయి. పెదవులు వెనక్కి లాగి పళ్ళన్నీ బయటపెట్టిందంటే చాలాసార్లు అది బెదిరిపోయిందని అర్థం. కోటు తొడిగి, ఆ మొహాన్నే ఫొటో తీసి, "నవ్వుతోంది" అని ప్రకటనల్లో వేశారు. 2008లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక సర్వేలో సుమారు మూడో వంతు మంది, చింపాంజీలు అంతరించే ప్రమాదంలో లేవనుకున్నారు. ఎందుకలా అనుకున్నారని అడిగితే టీవీలో, సినిమాల్లో, ప్రకటనల్లో తరచూ కనిపిస్తున్నాయి కదా అన్నారు. తెరమీద అంత కళకళలాడుతున్న ప్రాణి అడవిలో కరువైపోతోందంటే ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు ప్రదర్శనశాల మన చేతిలోనే ఉంది. దేవాంగపిల్లికి దగ్గరి చుట్టమైన స్లో లోరిస్‌కి చక్కిలిగింతలు పెట్టే వీడియో 2009 నుంచి ప్రపంచమంతా తిరిగింది. అది రెండు చేతులూ పైకెత్తితే "ఇంకా కావాలంటోంది" అని మురిసిపోయారు. మోచేతి దగ్గరున్న గ్రంథి స్రావాన్ని నాకి, లాలాజలంతో కలిపి విషం చేసుకోవడానికి అది చేతులెత్తే తీరు అది. ఆత్మరక్షణ. కింద కామెంట్లలో మాత్రం "నాకూ ఒకటి కావాలి" అని రాసినవాళ్ళు కోకొల్లలు. ముద్దొచ్చిందన్నది నిజమే. ఆ ముద్దే దాన్ని చెట్టు మీద నుంచి అంగడికి దింపింది.

జంతుప్రదర్శనశాలల వల్ల మేలే జరగలేదని అనను. అడవిలో 1972 నాటికి తుడిచిపెట్టుకుపోయిన అరేబియన్ ఒరిక్స్ జింకల్ని బందీగా పెంచి, 1982లో ఒమాన్ ఎడారిలో మళ్ళీ వదిలారు. ఏ జంటని కలపాలో జాగ్రత్తగా చూసుకుంటూ, ఏళ్ళ తరబడి ఓపిక పట్టి చేసిన పని అది. అందులో చప్పట్లకి పాత్రేమీ లేదు. ఆ పనిని చూపించి డాల్ఫిన్ ఆటలకి టికెట్లు అమ్ముకోవడం నాకు మింగుడుపడదు.

"ఇక్కడ దానికి చోటు చాలట్లేదు తల్లీ" అని ఆ తండ్రి చెప్పి ఉంటే, "మరి దాని చోటు ఎక్కడ?" అని పిల్ల అడిగేది. అప్పుడు ఉత్తర ధ్రువ సముద్రం మీది మంచు గురించి, ఆ మంచు ఎందుకు తగ్గిపోతోందో దాని గురించి, ఆయన నోరు విప్పాల్సి వచ్చేది.