సుఖవ్యాధి వచ్చిందంటే తప్పు చేసినట్టేనా?

దోమ కుడితే హెచ్‌ఐవీ వస్తుందని కొందరు నమ్ముతారు. టాయిలెట్ సీటు మీద కూర్చుంటే గనేరియా అంటుకుంటుందని ఇంకొందరు భయపడతారు. కలిసిన వెంటనే శుభ్రంగా కడుక్కుంటే ఏ జబ్బూ రాదని మరికొందరి ధీమా. ఇవేవీ నిజం కాదని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు, పత్రికలు రాస్తూనే ఉన్నాయి. అయినా అపోహలు పోవడం లేదు. కారణం నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. వీటన్నిటి అడుగున ఇంకో పెద్ద నమ్మకం ఉంది. సుఖవ్యాధులు ‘అలాంటివాళ్లకే’ వస్తాయి, మనలాంటి మర్యాదస్తులకు రావు అన్నదే ఆ నమ్మకం. దాని జోలికి మాత్రం ఎవరూ పోరు. అది కదలనంత కాలం పైపై అపోహలను ఎన్నిసార్లు ఖండించినా మళ్లీ పుట్టుకొస్తూనే ఉంటాయి.

ఇంతకీ ఆ ‘అలాంటివాళ్లు’ ఎంతమంది? క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్ అనే నాలుగు జబ్బులే తీసుకుందాం. 15 నుంచి 49 ఏళ్ల వయసువారిలో ఇవి రోజుకు 10 లక్షలకు పైగా కొత్తగా సోకుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2020 ఒక్క ఏడాదిలోనే 37.4 కోట్లు. నాలుగూ మందులతో నయమయ్యేవే అన్నది గుర్తుంచుకోవాలి. ఇక హెర్పిస్ సంగతి. పెదాల మీద పొక్కులు తెచ్చే మొదటి రకం హెర్పిస్ వైరస్ 50 ఏళ్లలోపు ప్రపంచ జనాభాలో దాదాపు మూడింట రెండు వంతుల మందిలో ఉంది. చాలామందికి అది చిన్నప్పుడే, ఇంట్లో పెద్దవాళ్లు ముద్దు పెట్టుకున్నప్పుడో మరోలాగో సోకి ఉంటుంది. పెద్దయ్యాక అదే వైరస్ నోటితో జరిపే శృంగారం ద్వారా అవతలివాళ్ల జననాంగాలకు చేరగలదు. ఇందులో ఎవరి నడవడికను తప్పుపడతాం?

జనం విచ్చలవిడిగా తిరుగుతున్నారు కాబట్టే ఈ జబ్బులు పెరుగుతున్నాయని తేల్చేయడం తేలిక. కానీ ఇవి ఇంతగా పాకడానికి పెద్ద కారణం, చాలాసార్లు బయటపడకుండా ఉండిపోవడం. క్లమీడియా సోకిన స్త్రీలలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. మగవాళ్లలోనూ చాలామందికి తెలియదు. గనేరియా మగవాళ్లలో మంటతో, చీముతో బయటపడొచ్చు గానీ, గొంతులో ఉంటే సాధారణంగా ఏ లక్షణమూ కనిపించదు. హెర్పిస్ పొక్కులు లేని రోజుల్లో కూడా అంటుకోగలదు. హెచ్‌ఐవీ సోకినవారు చికిత్స తీసుకోకపోయినా ఏళ్ల తరబడి మామూలుగానే కనిపించవచ్చు.

సిఫిలిస్ అయితే మనిషిని పదేపదే మోసం చేస్తుంది. మొదట ఒక పుండు వస్తుంది. సాధారణంగా నొప్పి ఉండదు. యోని లోపలో, నోట్లోనో, మలద్వారం దగ్గరో వస్తే కంటికీ కనబడదు. మందు వేసినా వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో మానిపోతుంది. తాను రాసుకున్న ఆయింట్‌మెంటే పనిచేసిందని ఆ మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. తర్వాత ఒంటి మీద, చాలాసార్లు అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ దద్దుర్లు లేస్తాయి. దురద పెద్దగా ఉండదు, కొన్నాళ్లకు అవీ పోతాయి. ఆపైన ఏళ్లకు ఏళ్లు ఏమీ ఉండదు. చికిత్స అందనివారిలో కొందరికి పదేళ్లకో, ముప్పై ఏళ్లకో గుండె, రక్తనాళాలు, మెదడు దెబ్బతింటాయి. తొలిదశలో దొరికి ఉంటే ఒక్క బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో తగ్గిపోయేది. ఆ ఒక్క ఇంజెక్షన్‌కూ ఆ మనిషికీ మధ్య అడ్డుగా నిలబడ్డది సిగ్గు తప్ప మరేమిటి?

కాబట్టి ‘చూడ్డానికి శుభ్రంగా, ఆరోగ్యంగా ఉన్నాడు’ అన్న మాటకు ఈ విషయంలో విలువ లేదు. ‘నాకే ఇబ్బందీ లేదు, టెస్ట్ ఎందుకు?’ అన్న ప్రశ్నకూ లేదు. నివారణ అనగానే అందరూ కండోమ్ దగ్గర మొదలుపెడతారు. నేను పరీక్షను ముందు పెడతాను. తనలో ఇన్ఫెక్షన్ ఉందని తెలిసి చికిత్స తీసుకున్న మనిషి దగ్గర అది ఆగిపోతుంది; తెలియని మనిషి నుంచి ముందుకు సాగుతుంది. మామూలు హెల్త్ చెకప్‌లో ఇవన్నీ చూసేస్తారని చాలామంది అనుకుంటారు. సాధారణంగా చూడరు, మనమే అడిగి చేయించుకోవాలి. పాప్ టెస్ట్‌తో సుఖవ్యాధులన్నీ తెలిసిపోతాయనుకోవడమూ పొరపాటే. అది గర్భాశయ ముఖద్వారంలో కణాల మార్పులను పట్టుకోవడానికి చేసేది.

పరీక్ష ఎప్పుడు చేయించుకున్నామన్నదీ ముఖ్యమే. ల్యాబ్‌లో చేసే యాంటిజెన్-యాంటీబాడీ రక్తపరీక్షలో హెచ్‌ఐవీ తేలాలంటే సోకిన తర్వాత 18 నుంచి 45 రోజులు పట్టొచ్చు. నాలుగో రోజు పరుగెత్తుకెళ్లి చేయించుకుని, నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉంటే ఆ ఫలితానికి అర్థం లేదు. అంత టెన్షన్ ఉన్నవాళ్లు మొదటి రోజుల్లో చేయాల్సింది వేరే ఉంది. 72 గంటల్లోపు డాక్టర్‌ను కలిసి, హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మందులు మొదలుపెట్టి, 28 రోజులు వాడాలి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఎవరైనా చూస్తారేమో, ఏమైనా అనుకుంటారేమో అని కూర్చున్నవాళ్లకు ఆ మూడు రోజులూ ఇట్టే గడిచిపోతాయి.

ఆ సిగ్గే సొంత వైద్యానికీ దారితీస్తుంది. ఎవరికీ తెలియకుండా నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు కొనుక్కుని మింగేస్తారు. గనేరియా బ్యాక్టీరియా ఇప్పటికే సల్ఫా మందులను, పెన్సిలిన్‌ను, టెట్రాసైక్లిన్‌ను, సిప్రోఫ్లాక్సాసిన్‌ను వరసగా తట్టుకోవడం నేర్చింది. వైద్యులు ప్రధానంగా ఆధారపడుతున్న సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని రకాలు కూడా బయటపడ్డాయి.

కండోమ్ వాడితే ఇక ఏదీ రాదన్నది ఒక అపోహ. కండోమ్ వల్ల ఉపయోగమే లేదన్నది అంతకంటే ప్రమాదకరమైన అపోహ. ప్రతిసారీ, సరిగ్గా వాడితే హెచ్‌ఐవీ, గనేరియా, క్లమీడియాల నుంచి గట్టి రక్షణ ఇస్తుంది. హెర్పిస్, హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీసే వైరస్), సిఫిలిస్ చర్మానికి చర్మం తగిలినా సోకుతాయి కాబట్టి, కండోమ్ కప్పని చోట ఆ ముప్పు కొంత మిగులుతుంది. ఒకదాని మీద ఒకటి రెండు తొడుక్కుంటే రక్షణ రెట్టింపు కాదు, రాపిడికి చిరిగిపోవచ్చు. నూనె, పెట్రోలియం జెల్లీ లాంటివి రాస్తే లేటెక్స్ బలహీనపడుతుంది. గర్భనిరోధక మాత్రలు, కాపర్ టీ, వేసెక్టమీ గర్భం రాకుండా చూస్తాయి గానీ జబ్బును ఆపలేవు.

టీకాల దగ్గరకొస్తే ‘అలాంటివాళ్లు’ అనే నమ్మకం నేరుగా ప్రాణాలు తీస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో 95 శాతానికి పైగా హెచ్‌పీవీతో ముడిపడినవే. దీని టీకా శృంగార జీవితం మొదలుకాకముందే వేస్తే బాగా పనిచేస్తుంది. అందుకే 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ముందుగా వేయమంటారు. ఆ వయసు వినగానే కొందరు తల్లిదండ్రులు ‘మా అమ్మాయికి ఇప్పుడెందుకు? తను అలాంటిది కాదు’ అంటారు. స్కాట్లాండ్‌లో 2008లో బడుల్లో ఈ టీకా మొదలైంది. 12-13 ఏళ్లప్పుడే పూర్తిగా వేయించుకున్న అమ్మాయిల్లో ఒక్కరికి కూడా ఈ క్యాన్సర్ కనిపించలేదని 2024లో అధ్యయనం వెలువడింది. ఒక క్యాన్సర్‌ను దాదాపు తుడిచిపెట్టే అవకాశం చేతిలో ఉండగా, పిల్ల గుణం గురించిన అనుమానంగా దాన్ని తీసుకోవడం ఎంత అన్యాయం!

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల పట్ల జరుగుతున్నదీ ఇదే. మందులు క్రమంగా వాడుతూ, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోయి, అలాగే కొనసాగుతున్న వ్యక్తి నుంచి శృంగారం ద్వారా హెచ్‌ఐవీ సోకదు. యూరప్‌లో జరిగిన పార్ట్‌నర్ అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి చికిత్సలో ఉన్న 782 పురుష జంటలను అందులో గమనించారు. కండోమ్ లేకుండా 76,000 సార్లకు పైగా కలిసినా, భాగస్వామి నుంచి వైరస్ సోకిన ఉదంతం ఒక్కటీ లేదు. చికిత్సలో ఉన్న ఆ మనిషిని చూసి దూరం జరిగేవాళ్లు, ఎన్నడూ పరీక్ష చేయించుకోని మనిషి దగ్గర మాత్రం ఏ జంకూ లేకుండా ఉంటారు. భయపడాల్సింది ఎవరిని చూసి?

ఇవన్నీ బాహాటంగా చెబితే యువత చెడిపోతుందనీ, నిగ్రహాన్ని మించిన మందు లేదనీ వాదించేవాళ్లున్నారు. నిగ్రహం రక్షిస్తుందనడంలో నాకు పేచీ లేదు. కానీ లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడరనీ, రిస్కు పెరగదనీ యునెస్కో అనేక అధ్యయనాలను పరిశీలించి తేల్చింది. పైగా నా నిగ్రహం నా భాగస్వామి గతానికి హామీ కాదు.

భాగస్వామి గతం అనగానే ఈ సిగ్గు బరువు ఎవరి మీద పడుతుందో చెప్పుకోవాలి. 1864లో బ్రిటన్ ఒక చట్టం తెచ్చింది. సైనికుల్లో సుఖవ్యాధులు ఎక్కువయ్యాయని దాని సాకు. సైనిక పట్టణాల్లో, ఓడరేవుల్లో వ్యభిచారం చేస్తోందని పోలీసులు అనుమానించిన స్త్రీకి బలవంతంగా జననాంగ పరీక్ష చేయించవచ్చు. జబ్బు ఉంటే ఆస్పత్రిలో నిర్బంధించవచ్చు. ఆ స్త్రీల దగ్గరకు వెళ్లిన మగవాళ్లకు మాత్రం ఆ చట్టంలో ఏ పరీక్షా లేదు. స్త్రీల హక్కుల ఉద్యమకారిణి జోసెఫిన్ బట్లర్ వంటివారు ఏళ్ల తరబడి పోరాడాక 1886లో అది రద్దయింది. ఆ చూపు మాత్రం ఇంకా పోలేదు.

ప్రకృతి కూడా ఇక్కడ స్త్రీ పక్షాన లేదు. క్లమీడియా, గనేరియా చికిత్స లేకుండా ఉండిపోతే గర్భసంచికీ, అండవాహికలకూ పాకుతాయి. ట్యూబులు మూసుకుపోయి పిల్లలు పుట్టకపోవచ్చు. గర్భం ట్యూబులోనే నిలిచి ప్రాణం మీదికి రావచ్చు. పెళ్లయి, భర్త తప్ప మరో మగవాడిని ఎరగని స్త్రీకి ఇది జరిగితే నింద పడేది ఆమె మీదే. మొదట గొడ్రాలని, జబ్బు బయటపడితే ఆ తర్వాత ఇంకో పేరుతో. ఆ జబ్బు భర్త నుంచి వచ్చి ఉండొచ్చన్న ఆలోచన చాలామందికి తట్టదు. అతనిలో ఏ లక్షణమూ లేదు కదా! అలాగని అతను ఇప్పుడు మోసం చేశాడనీ తేల్చలేం. హెచ్‌పీవీ, హెర్పిస్ పెళ్లికి ముందెప్పుడో సోకి, ఏళ్ల తర్వాత బయటపడవచ్చు. ఎవరు తెచ్చారన్న పంచాయితీలో పడితే ఇద్దరి చికిత్సా ఆలస్యమవుతుంది.

గర్భిణికి సిఫిలిస్ ఉంటే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, వైకల్యంతో పుట్టవచ్చు. అందుకే మొదటి చెకప్‌లోనే ఆమెకు రక్తపరీక్ష చేయాలంటారు, సమయానికి పెన్సిలిన్ ఇస్తే బిడ్డ దక్కుతుంది. భర్తకు చికిత్స చేయకుండా వదిలేస్తే మాత్రం అదే జబ్బు ఆమెకు మళ్లీ సోకవచ్చు. ఒకసారి తగ్గితే మళ్లీ రాదన్నది కూడా అపోహే. సిఫిలిస్, గనేరియా, క్లమీడియా ఎన్నిసార్లయినా రావచ్చు. క్లమీడియా, గనేరియాలకు ఇద్దరూ మందు తీసుకుని కనీసం వారం పాటు కలవకుండా ఉండాలి, సుమారు మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. భార్యకు మందు రాసిన డాక్టర్ భర్తను కూడా ఆలస్యం చేయకుండా పిలిపించాలి. నాకేం లేదు, నేనెందుకు అని అతను అంటే, లక్షణాలు లేకపోయినా జబ్బు ఉండొచ్చని కూర్చోబెట్టి చెప్పి, అక్కడికక్కడే పరీక్ష చేయించాలి.