బ్లూ స్కోరు గారికి విన్నపం

యంత్రాలు చేసిన అనువాదాలకు మార్కులు వేసే కొలమానం, మహారాజశ్రీ బ్లూ (BLEU) స్కోరు గారికి, ఒక తెలుగు అనువాదకుడు నమస్కరించి వ్రాసుకున్న విన్నపం. ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమానికేమి, యంత్రానువాదం మీద ఏ పరిశోధనాపత్రం తెరిచినా పట్టికలో తమరే కొలువుదీరి ఉంటారు.

తమరు 2002లో ఐబీఎం పరిశోధకుల చేతుల్లో పుట్టారు. ఆ నలుగురిలో మొదటి పేరు కిశోర్ పాపినేని గారిది కావడంతో, ఇంటిపేరు చూసి తమరికి తెలుగు వస్తుందేమోనని ఆశపడ్డాం. తెలుగే కాదు, అసలు ఏ భాషా రాదని తరువాత తెలిసింది. మనిషి చేసిన అనువాదాన్ని పక్కన పెట్టుకుని, యంత్రం రాసినదానిలో విడి మాటలు, ఆపైన వరుసగా రెండేసి, మూడేసి, నాలుగేసి మాటలు ఎన్నిచోట్ల కలిశాయో లెక్కించడమే తమరి పాండిత్యం. కీ పేపరు చేత పట్టుకుని, జవాబు చదవకుండానే మార్కులు వేసేవారిని మేము ఇంటర్మీడియట్‌లోనే చూశాం కనుక పెద్దగా ఆశ్చర్యపోలేదు.

తమరి ఏలుబడిలోనే, ఉదాహరణలు చూసి యంత్రం తానే నేర్చుకునే డీప్ లెర్నింగ్ పెరిగి పెద్దదైంది. 2017లో ఆ పద్ధతిలో పుట్టిన అనువాద యంత్రం ట్రాన్స్‌ఫార్మర్‌ను ప్రకటించినవారు, ఇంగ్లీషు నుంచి జర్మన్‌కు నూటికి 28.4 వచ్చిందని తమరి పేరు మీదనే చాటుకున్నారు. వెనుకటి యంత్రాలు పదబంధాలను ముక్కలుగా తెచ్చి అతికించేవి; ఇవి వాక్యమంతా చూసి నున్నగా రాస్తాయి, ఎంతో మెరుగు, కాదనను. చిక్కల్లా ఆ నునుపుతోనే వచ్చింది. తప్పు కూడా ఒప్పంత నున్నగా వస్తోంది.

మందు డబ్బా మీద "ఈ మాత్ర ఖాళీ కడుపుతో వేసుకోకూడదు" అని ఉండాలనుకుందాం. యంత్రం "ఈ మాత్ర ఖాళీ కడుపుతో వేసుకోవచ్చు" అని రాస్తే, అయిదు మాటల్లో నాలుగు వరుసగా కలిశాయి కనుక, తమరి సూత్రం ప్రకారం నూటికి దాదాపు 67, అనగా ఫస్ట్ క్లాసు. మరో యంత్రం "పరగడుపున ఈ మాత్ర వేసుకోవద్దు" అని చక్కగా రాస్తే, వరుసగా మూడు మాటలైనా కలవలేదు కనుక సున్నా. రోగి ఏమయ్యాడన్నది తమరి సిలబస్‌లో లేదు.

విడి వాక్యాన్ని కాదు, వేల వాక్యాలను కలిపి చూడాలని తమరి తరఫువారు అంటారు, నిజమే. అయితే విభక్తి మాటకే అతుక్కుని ఉండే భాష మాది. "హైదరాబాదుకు", "హైదరాబాదుకి" తమరి కంటికి రెండు వేర్వేరు ఊళ్ళు. "వెళ్ళాడు", "వెళ్లాడు" వేర్వేరు పనులు. వాక్యాలు వేలయితే ఈ మార్కుల కోత కూడా వేలసార్లు పడుతుంది. 2015లో వచ్చిన తమరి వంటి మరో కొలమానం, సీహెచ్‌ఆర్‌ఎఫ్ గారు అక్షరాల వరుసలను లెక్కపెడతారు కనుక ఊరినైతే గుర్తుపడతారు గానీ, మాత్ర దగ్గరకు వచ్చేసరికి "వేసుకో" వరకు కలిసిందని మరింత మురిసిపోతారు.

తమరిని ఉద్యోగం మానుకోమనడం లేదు. ఆసుపత్రి కాగితాలూ, కోర్టు కాగితాలూ తెలుగులోకి వచ్చేటప్పుడు మాత్రం, మార్కులు వేసేముందు తెలుగు చదవగలిగిన మనిషినొకరిని పక్కన కూర్చోబెట్టుకోవలసిందని ప్రార్థన. దశాంశ బిందువు తరువాతి అంకె కోసం రాత్రింబవళ్ళు తిరిగే కంప్యూటర్ల కరెంటు బిల్లులో ఆ మనిషి కూలి కనబడనైనా కనబడదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు