కోడ్‌లో కూర్చున్న కరణాలు

కోడ్ ఎడిటర్‌లోకి ఏఐ వచ్చాక గోలంతా కోడ్ రాయడం గురించే. ప్రోగ్రామర్ల ఉద్యోగాలు ఉంటాయా ఊడతాయా అన్న చర్చ నెల్లూరు టీ బంకుల దాకా వచ్చేసింది. నన్నడిగితే ఏఐకి అసలు పని వేరే ఉంది. ఎవరికీ ఇష్టం లేని, ఎవరూ సరిగా చేయని పని అది: కోడ్ మారినప్పుడల్లా దాని డాక్యుమెంటేషన్‌ని (కోడ్ ఏం చేస్తుందో చెప్పే రాతని) కూడా మార్చడం. దాన్ని ఇక ఏఐకి అప్పగించి తీరాలి.

ఎందుకంటారా? మన జిల్లాలో రొయ్యల కొనుగోలుదారులు వాడే ఒక లెక్కల సాఫ్ట్‌వేర్ సంగతి వినండి. రొయ్య ధర కౌంట్‌ని బట్టి ఉంటుంది. కిలోకి ఎన్ని తూగితే అంత కౌంట్. కౌంట్ పెరిగే కొద్దీ రేటు పడిపోతుంది. పట్టికలో 40కి ఒక రేటు, 50కి ఒక రేటు ఉంటే 46 కౌంట్ పడిన రైతుకి ఎంత కట్టాలి? 50 రేటే కట్టాలని రీడ్‌మీలో, అంటే సాఫ్ట్‌వేర్‌తో పాటు ఉండే వివరణ ఫైల్లో, ఉంది. రైతులు గొడవ చేశాక ఎవరో కోడ్ మార్చి, రెండు రేట్ల మధ్య దామాషా ప్రకారం కట్టేలా చేశారు. రీడ్‌మీ జోలికి మాత్రం పోలేదు. తర్వాత కొత్తగా చేరిన కుర్రాడు రీడ్‌మీ చదివి, కోడే తప్పనుకుని పాత పద్ధతికి మార్చేశాడు. కుర్రాడి తప్పేముంది? రాసి ఉన్నదాన్ని నమ్మాడు. కాటా దగ్గర గొడవ మళ్లీ మొదటికొచ్చింది. ఎవరూ దిద్దని ఒక్క వాక్యం రైతు జేబుకి చిల్లు పెట్టింది.

దామాషా లెక్క పెట్టిన రోజే ఎడిటర్‌లోని ఏఐకి "ఈ మార్పుకి తగ్గట్టు రీడ్‌మీ, కోడ్ మధ్యలోని కామెంట్లు సరిచేయి" అని చెబితే పోయేది. కోడ్‌లో ఏం మారిందో గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనంలో) చూసుకుని, పాత నియమం ప్రాజెక్టులో ఎక్కడెక్కడ ఉందో వెతికి, కొత్త వాక్యం రాసి చూపిస్తుంది. రెండు మార్పులూ ఒకే పుల్ రిక్వెస్ట్‌లో (మార్పుల్ని చూసి కలపమని టీమ్‌కి పంపే అభ్యర్థనలో) వెళ్తే, రివ్యూ చేసేవాళ్ల కళ్ల ముందే రెండూ ఉంటాయి. 2021లో గిట్‌హబ్ కోపైలట్ అనే ఏఐ సాధనం ప్రయోగాత్మకంగా వచ్చినప్పుడు ప్రధానంగా కోడ్‌లో తర్వాతి లైన్లు అందించేది, అంతే. పనిని సొంతంగా చేసుకుపోయే ఇప్పటి ఏఐ ఏజెంట్లు ప్రాజెక్టంతా తిరిగి చూస్తున్నాయి. ఏఐ పాటించాల్సిన నియమాలన్నీ ఒక ఫైల్లో రాసి పెడితే రోజూ చెప్పే పని కూడా లేదు.

ప్రోగ్రామూ దాని వివరణా కలిసే పుట్టాలని కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 1984లోనే అన్నాడు. మెచ్చుకున్నవాళ్లు చాలామంది, పాటించినవాళ్లు తక్కువ. సాఫ్ట్‌వేర్ ఎలా తయారు చేయాలో చెబుతూ 2001లో వచ్చిన ఎజైల్ ప్రకటన, భారీ డాక్యుమెంటేషన్ కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్ మేలంది. డాక్యుమెంటేషన్‌కీ విలువ ఉందని అందులోనే ఉంది కానీ, ఆ వాక్యం మన టీమ్ లీడర్ల కంట పడలేదు పాపం.

ఏఐ లేనిది ఉన్నట్టు రాస్తుంది కదా అంటారు. రాస్తుంది. రూల్ ఎందుకు మారిందో కూడా దానికి తెలియదు, చెరువు గట్టు మీద జరిగిన గొడవ గిట్‌లో ఉండదు కాబట్టి. ఆ ఒక్క ముక్క మనిషే రాయాలి, మిగతాది మనిషే సరిచూడాలి. అంతేగానీ, రేపు అబద్ధం రాస్తుందేమోనని ఇవాళ ఫైల్లో ఉన్న అబద్ధాన్ని కాపాడుకోవడం ఏం తెలివి?

డాక్యుమెంటేషన్ బద్ధకం వల్లే మూలపడుతుందంటే నేనొప్పుకోను. రాయకపోవడంలో లాభం ఉంది. ఏ సర్వే నంబరు ఎవరి సాగులో ఉందో, పోరంబోకు ఎక్కడ మొదలవుతుందో ఒకప్పుడు కరణం గారు చెబితేనే తెలిసేది. అడంగల్ (సాగు వివరాల రికార్డు) ఉన్నా, దాన్ని విప్పి చెప్పేది ఆయనే. ఊరంతా ఆయన అరుగు దగ్గర నిలబడింది అందుకే. 1984లోనే ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవిని రద్దు చేసింది. పదవి పోయింది, అలవాటు పోలేదు. ఇప్పటికీ కౌలుకి చేసేది ఒకరు, కాగితంలో పేరు ఇంకొకరిది. తుఫాను వచ్చిపోయాక పరిహారం ఎవరి ఖాతాలో పడుతుందో ఒంగోలు నుంచి కోవూరు దాకా ఎవర్నడిగినా చెబుతారు.

మన సాఫ్ట్‌వేర్ టీముల్లోనూ ఇలాంటి కరణాలున్నారు. "ఆ మాడ్యూల్ సార్‌కే తెలుసు" అన్న మాట వినని ఆఫీసుందా? సార్ సెలవు పెడితే అందరికీ టెన్షన్. జీతం పెంచమని అడిగినప్పుడు సార్‌కి అదే బలం. డాక్యుమెంటేషన్‌లో ఏఐని వద్దనే గొంతుల్లో ఇలాంటి సార్ల గొంతే గట్టిగా వినిపించడం నాకేమీ వింతగా లేదు.

ఈ అలవాటు కాలేజీలోనే అంటుకుంటుంది. ఫైనలియర్ ప్రాజెక్టు రికార్డు అంటే మనవాళ్లకి జిరాక్స్ షాపులో బైండింగ్ చేయించే పుస్తకం. సీనియర్ల రికార్డులో పేర్లు మార్చి తెచ్చినా నడిచిపోతుంది, లోపలి బొమ్మలకీ కోడ్‌కీ సంబంధం లేకపోయినా అడిగేవాళ్లుండరు. ఒంగోలు, నెల్లూరు కాలేజీల్లో ఈ ఏడాది వైవాకి వచ్చే ఎగ్జామినర్లు ఆ పుస్తకం పక్కన పెట్టి ల్యాప్‌టాప్ తెరిపించాలి. కోడ్‌లో ఒక రూల్ అక్కడికక్కడే మార్చమనాలి. డాక్యుమెంటేషన్‌ని ఏఐతో సరిచేయించి, అది రాసినదాంట్లో తప్పేదో పట్టుకోమనాలి. మార్కులు దానికే వేయాలి.